యాళ్పాణ దంపతులు: మఱుగుపడిన వీణ

వీణ యనగానే మన మనస్సునకు దోచు రూప మొక్కటే. పనసకొయ్యతో దొలిచిన కుండ, పొడవైన దండి, దానిపై మైనమున నిలిపిన యిరువదినాలుగు మెట్లు. సరస్వతీదేవి చిత్తరువులందును, విద్వాంసుల యొడియందును మనము చూచునది యిదియే. కావున బూర్వగ్రంథములలో వీణ యని యున్న చోట్ల నెల్ల నీ రూపమునే యూహించుకొనుట మనకు సహజమైనది. కాని యీ యూహ చరిత్రకు సరిపడదు. ఒకప్పు డా పేరు వేఱొక వాద్యమునకు జెల్లుచుండెను. అది విల్లువలె వంగిన కొమ్ము గలది, మెట్లు లేనిది, ఒక్కొక్క స్వరమునకు నొక్కొక్క తంత్రి గలది. దానినే తమిళులు యాళు అనిరి. ఆ వాద్యమును జేతబట్టి, దానితో గొంతు కలిపి పాడుచు, ఊరూర దిరిగి బ్రదికిన యొక దంపతుల వృత్తాంతము తమిళ శైవవాఙ్మయమున నిలిచియున్నది. ఆ వృత్తాంతమును బరిశీలించి, ఆ వాద్య మేల మఱుగుపడెనో, దానితోబాటు మఱుగుపడిన మనుష్యు లెవరో తెలిసికొనుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

ముందుగా వాద్యస్వరూపమును నిర్ణయించుకొనవలెను. ఇందులకు మన యాంధ్రదేశమే సాక్ష్య మిచ్చుచున్నది. కృష్ణాతీరమందలి యమరావతీస్తూపమునకు జెందిన సున్నపుఱాతి పలకలపై సంగీతనృత్యగోష్ఠులు చెక్కబడియున్నవి. వానిలో స్త్రీలు వాయించుచున్న తంత్రీవాద్యము విల్లువంటిది. దోనెవలె నున్న కాయనుండి కొమ్ము వంగి పైకి లేచును. తంత్రులు కొమ్మునుండి కాయమీదికి వరుసగా దిగును. ఈ పలకలు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమునందును, గొన్ని లండను నగరమున బ్రిటిషు మ్యూజియమునందును నున్నవి. నాగార్జునకొండ శిల్పములందును నీ వాద్యము గానవచ్చును. క్రీ. శ. 4 వ శతాబ్దమున సముద్రగుప్త చక్రవర్తి వేయించిన బంగారు నాణెములలో నొక తెగపై నాతడు వీణ వాయించుచున్నట్లు చిత్రింపబడెను. ఆ వీణయు నిదియే.

శాస్త్రగ్రంథములును నీ నిర్ణయమునకే తోడుపడుచున్నవి. భరతుడు నాట్యశాస్త్రమున శ్రుతులను నిరూపించుటకు సమానములైన రెండు వీణలను గైకొనుమనెను. ఒకదానిని మార్పు లేక యుంచి, రెండవదాని తంత్రులను గ్రమముగా దగ్గించుచు బోయినచో శ్రుతుల యంతరములు తేటపడునని యాతని మతము. స్వరమున కొక తంత్రి చొప్పున నున్న వాద్యముపైనే యీ ప్రయోగము పొసగును గాని, మెట్లపై వ్రేలు నొక్కి స్వరములు పుట్టించు వీణపై నిట్లు పొసగదు. చిత్రావీణకు నేడు తంత్రులనియు, విపంచికి దొమ్మిదియనియు నాతడు చెప్పుటయు నిందుల కనుకూలముగనే యున్నది. ప్రాచీనవీణ విల్లువంటి వాద్యమేయని 1930 లో ఆనందకుమారస్వామి శిల్పసాక్ష్యమును గ్రంథసాక్ష్యమును జోడించి వ్రాసెను. కావున గుశలవులు తంత్రీలయలతో రామకథను గానము చేసిరని చదువునప్పుడు, ఆ బాలుర చేతులలో నేటి వీణను జిత్రించుట కాలవిరుద్ధము. ఆనాటి జంటగాయకుల చేతిలో దగిన వాద్యము విల్లువీణయే.

ఈ విల్లువీణను గూర్చి మిక్కిలి వివరముగా దెలుపునవి తమిళుల సంగవాఙ్మయములోని గ్రంథములు. పొరునరాట్రుప్పడై యను కావ్యమున యాళుయొక్క యవయవములన్నియు వర్ణింపబడినవి. కాయకు బత్తరు అనియు, గొమ్మునకు గోడు అనియు, దంత్రులను బిగించు కట్లకు దివవు అనియు బేర్లు. కాయపై దోలు కప్పుదురు. తంత్రికి నరంబు అని పేరు. ఇది మన నరము అను మాటకు సోదరపదము. చిన్నది సీఱియాళు, పెద్దది పేరియాళు. సిలప్పదికారమునకు వ్యాఖ్యానము రచించిన అడియార్కునల్లారు తంత్రుల సంఖ్యనుబట్టి యాళు నాలుగు తెగలనెను: ఏడు తంత్రులది సెంగోట్టియాళు, పదునాలుగు తంత్రులది సకోడయాళు, పందొమ్మిది తంత్రులది మకరయాళు, ఇరువదియొకటి తంత్రులది పేరియాళు.

ఈ వాద్యమును వృత్తిగా గొన్న వారికి బాణరులని పేరు. పాణరుడు యాళును భుజమున వ్రేలవైచికొని, పాడుటయందును నాడుటయందును నేర్పరియైన విఱలిని వెంటబెట్టుకొని, దాతల వెదకుచు నడచుట యా కావ్యములలో మఱలమఱల గనబడు దృశ్యము. దారిలో నెదురైన మఱియొక పాణరునకు, దనకు సత్కారము లభించిన ప్రభువు మార్గమును జూపుటయే యాట్రుప్పడై యను కావ్యభేదమునకు వస్తువు. సిఱుపాణాట్రుప్పడై, పెరుంపాణాట్రుప్పడై యను పేర్లయందే వీరి జాతి నిలిచియున్నది. ఆకలిగొన్న వారుగా వచ్చి, రాజులతో సమముగా గూర్చుండి భుజించి, బంగారు తామరలను జడయందు దాల్చి మఱలిన వారుగా వారిని గవులు వర్ణించిరి. రాజున కంతఃపురమున జెప్పదగిన మాటయు, యుద్ధమున జెప్పదగిన మాటయు వీరి నోట వచ్చుచుండెను.

పాణరులు కాని వారును యాళును వాయించిరి. సిలప్పదికారమున గానల్‌వరి యను భాగ మిందులకు దార్కాణము. పుహారు సముద్రతీరమున మాధవి యాళును శ్రుతిచేసి కోవలనున కిచ్చును. అతడు పాడును. పిమ్మట నామె యాళును గైకొని పాడును. అతని పాటలో నామెకును, ఆమె పాటలో నతనికిని వేఱొకరియందలి మనసు ధ్వనించుటచే నా జంట విడిపోవును. కోవలనుడు ఇల్లు చేరి, కణ్ణకితో మధురకు బయనమై, యచట జనిపోవును. కథ యంతయు నొక యాళును రెండు కంఠములును గలిసిన యా సాయంకాలముననే మలుపు తిరిగినది. పాటలో నణగియున్న భావమును దాచలేని వాద్యముగా యాళు నాటివారికి దోచెననుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఇక దిరునీలకంఠ యాళ్పాణరుని వృత్తాంతమునకు వత్తము. ఆధారములు మూడు మెట్లుగా నున్నవి. సుందరమూర్తి నాయనారు భక్తుల పేర్లు కూర్చిన తిరుత్తొండత్తొగైలో నీతని నామము మాత్రమే కలదు. చోళరాజైన రాజరాజుని కాలపువాడుగా బరిగణింపబడు నంబియాండారు నంబి యీతనిని గూర్చి యొక పద్యము వ్రాసెను. రెండవ కులోత్తుంగ చోళుని (1133-1150) కాలమున సేక్కిళారు పెరియపురాణమున నీతని కథను విస్తరించెను. కథలోని వ్యక్తులు 7 వ శతాబ్దమువారు. కథకుడు 12 వ శతాబ్దమువాడు. కావున బ్రతివివరమును యథార్థమని కొనరాదు. అయినను గథలో నిలిచిన చిక్కులు, అడ్డంకులు కల్పనచే బుట్టునవి కావు. స్తుతికొఱకు రచించిన గ్రంథమున స్తుతికి బనికిరాని యంశము నిలిచియున్నచో, అది పూర్వస్మృతినుండి వచ్చెనని నమ్ముట చరిత్రకారునకు ధర్మము.

ఆతని యూరు ఎరుక్కత్తంపులియూరు. నే డా గ్రామమునకు రాజేంద్రపట్టణ మని పేరు. భార్య మతంగచూళామణి. ఆమెను జెప్పక యాతని కథను జెప్పుట సేక్కిళారునకు సాధ్యము గాలేదు. ఎందుకన నాతడు యాళు మీటుచు బాడగా నామెయు దనగొంతు కలుపుట వారి గానమునకు స్వభావము. చోళదేశపు క్షేత్రములను సేవించి యా దంపతులు మధుర చేరిరి. ఆలయమున కెదురుగా వాకిటనే నిలిచి పాడిరి. శివుడు భక్తులకు గలలో గనబడి వారిని లోనికి దోడ్కొని రమ్మనెను. నేల తేమ తగిలినచో యాళునకు జెరుపగునని, దానిక్రింద బంగారు పలక వేయుమని యాజ్ఞాపించెను. తిరువారూరున వారికొఱకు ఉత్తరదిక్కున వేఱొక ద్వార మేర్పడెను. ఈ రెండంశములను గలిపి చదువవలెను. వాకిట నిలిచి పాడవలసివచ్చుటయు, బ్రధానద్వారము గాక వేఱు ద్వారమున బ్రవేశించుటయు వారి కులమునుబట్టి కలిగిన యడ్డంకులు. సంగకాలమున రాజుల సరస గూర్చుండిన పాణరులు, భక్తియుగము నాటికి గుడివాకిట నిలువవలసినవారైరి. తేమనుండి తంత్రుల గాపాడవలెనను మాట మాత్రము వాద్యమును నిజముగా నెఱిగినవారి మాట.

శ్రీకాళియను సీర్కాళి క్షేత్రమున వారు తిరుజ్ఞానసంబంధుని గలిసికొనిరి. బాలుడైన యాతడు పాడుచుండగా, ఆ పాటను యాళుపై నిలుపు పని యాళ్పాణరునిది. అప్పటినుండి జీవితాంతమువఱకు వారు విడిపోలేదు. తిరుచ్చాత్తమంగయి యను గ్రామమున నీలనక్కరను బ్రాహ్మణభక్తుని యింట సంబంధుడు బసచేసెను. పాణదంపతులకును రాత్రి నుండుటకు జోటిమ్మనగా గృహస్థు యజ్ఞవేదిక చెంతనే వారికి స్థలమిచ్చెనట. ఆ వేదికయం దగ్ని వలచుట్టి పైకి లేచి ప్రజ్వలించెనని పురాణము. అగ్నికి వారి సన్నిధి యపవిత్రము గాలేదని చెప్పుటకే యీ కథ పుట్టినదనుట స్పష్టము. మన తెలుగు వైష్ణవులకు సుపరిచితుడైన తిరుప్పాణాళ్వారు చరిత్రయు నీ తెఱగుననే యున్నది. ఆయనయు బాణరుడే, కావేరియొడ్డున దూరముగా నిలిచి శ్రీరంగనాథుని గానముచేయువాడు, తుదకు లోకసారంగముని భుజములపై గుడిలోనికి జేరినవాడు. శైవమునను వైష్ణవమునను నొకే కులమువారికి నొకే యడ్డంకి, ఒకే విధమగు పరిహారము.

ఇంతవఱకు మనుష్యుల కథ. ధర్మపురమున జరిగినదిగా జెప్పబడు ఘట్టము వాద్యము యొక్క కథ. ధర్మపురము యాళ్పాణరుని తల్లి పుట్టినయూరు. అచట నాతని బంధువులు, సంబంధుని పాటల కింత ప్రసిద్ధి కలుగుటకు మనవాని యాళే కారణమని గర్వించిరి. ఆ మాట విని యాళ్పాణరుడు కలతనొంది, యాళున కందని పాట యొకటి పాడుమని సంబంధుని బ్రార్థించెను. సంబంధు డట్లే పాడెను. తంత్రులపై నా పాట నిలువలేదు. అంతట దన యాళును బగులగొట్టబోయిన యాతనిని సంబంధుడు వారించి, వచ్చినంత మేరకు వాయింపుమని యాళును మఱల జేతికిచ్చెను. ఆ పాటకు యాళ్‌మూరి యని పేరు. నేటికిని దేవాలయములలో నోదువారులు దానిని అఠాణా రాగమున బాడుదురు.

ఈ కథను గురుశిష్యుల మహిమగా మాత్రమే చదువువారు దీనిలోని సంగీతచరిత్రను విడిచిపెట్టుచున్నారు. కంఠము ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱగలదు, స్వరము నూపగలదు, రెంటి నడుమనున్న సూక్ష్మాంతరములను దాకగలదు. యాళు తంత్రి యట్లు చేయజాలదు. దాని కెట్లు శ్రుతిచేసిరో యా స్వరమునే పలుకును. మన రాగమునకు బ్రాణమైన గమకము యాళునకు సహజము గాదు. క్రీ. శ. 7 వ శతాబ్దపు లిపిలో పుదుక్కోట దగ్గఱ కుడుమియామలై కొండపై నున్న సంగీతశాసన మిందుకు బలమిచ్చుచున్నది. ఏడు రాగముల స్వరసముదాయము లందు జెక్కబడినవి. స్వరాక్షరములు వేర్వేఱు అచ్చులతో మాఱుచుండును. కొన్నింటిపై జుక్కలు గలవు. తుదిని ఇవి యెనిమిదింటికిని నేడింటికిని దగునని తమిళవాక్య మున్నది. వీనిని దంత్రుల సంఖ్యలుగా బండితులు గ్రహించిరి. సంబంధుని శతాబ్దముననే స్వరమును బహువిధముల బలికించు ప్రయత్న మెంత సాగినదో దీనివలన దెలియుచున్నది. గానము ముందునకు నడచినది, యాళు నిలిచిపోయినది. ధర్మపురపు కథ యా యెడబాటునకు మిగిలిన స్మృతియని నా యభిప్రాయము.

ఆ కాలమునుండియే దేవాలయశిల్పములలో దండవీణ ప్రబలుచు వచ్చినది. దానిపై దంత్రిని నొక్కియో రాచియో స్వరమును సాగదీయవచ్చును. 13 వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నేకతంత్రికిని గిన్నరికిని బెద్దపీట వేసెను. మన పాలకురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున బెక్కువీణల పేర్లు గ్రుచ్చెను. బసవపురాణమున గిన్నర బ్రహ్మయ్యను గీర్తించెను. తుదకు, యాళు పుట్టిపెరిగిన యా చోళమండలముననే, తంజావూరేలిన తెలుగుప్రభువు రఘునాథనాయకుని (1600-1634) యాస్థానమున నిరువదినాలుగు మెట్ల వీణకు స్థిరరూప మేర్పడెనని సంప్రదాయము. వాద్యము మాఱినది, వీణ యను పేరు మాఱలేదు. పాతదాని సింహాసనముపై గ్రొత్తది యా పేరుతోనే కూర్చుండుటచే, పాతది యొకటి యుండెనను జ్ఞానమే మనకు నశించినది. తమిళమున యాళు అను పేరు ప్రత్యేకముగా నుండుటచే నచట స్మృతి యైనను మిగిలినది. ఈళమునందలి యాళ్పాణపట్టణ మా పేరు మోయుచున్నది. 1947 లో విపులానందస్వామి ప్రకటించిన యాళ్‌నూల్ ఆ స్మృతిని శాస్త్రముగా నుద్ధరించిన గ్రంథము.

వాద్యము భూమిపై బూర్తిగా నశింపలేదు. బర్మాదేశమున సౌంగ్ అను విల్లువీణ నేటికిని బూజ్యముగా నున్నది. అచటి గాయకురాలు చేత జిన్న తాళమును గొయ్యచిడుతయు బట్టి లయ నిలుపుచు, వైణికుడు మీటు సౌంగుతో గొంతు కలుపును. ఒక వాద్యము, ఒక కంఠము. యాళ్పాణ దంపతుల తీరు సముద్రమున కావలియొడ్డున నిట్లు బ్రదికియున్నది. మన దేశముననే మండలా ప్రాంతమున గోండుల వంశగాయకులైన పరధానుల చేతిలో బీన్‌బాజా యను నైదు తంత్రుల విల్లువీణను 20 వ శతాబ్దమున బరిశోధకులు చూచి వివరించిరి. రాజసభలు విడిచిన వాద్యమును నడవులలోని గాయకులు విడువలేదు. తెలుగునాట విల్లువీణ పోయినను జంటగానము పోలేదు. జంగము తంబుర మీటుచు గథ నడుపగా, ఇల్లాలు డక్కి వాయించుచు వంతపాడుట మన పల్లెల కెఱుకయే.

కడపట జెప్పవలసినది యొకటి మిగిలియున్నది. సంబంధాదుల తేవారములు వ్రాతలో జెదలుపట్టి చిదంబరాలయపు గదిలో బడియుండగా, రాజరాజుని ప్రేరణమున నంబియాండారు నంబి వానిని వెలికిదీసెనని తిరుముఱైకండపురాణము చెప్పుచున్నది. మాటలు దొరకినవి, వరుసలు దొరకలేదు. అప్పుడు వారు వెదకుచు బోయినది పండితుల యిండ్లకు గాదు, ఎరుక్కత్తంపులియూరునకు. అచట యాళ్పాణరుని వంశమున నొక స్త్రీ యుండెను. ఆమెచేతనే పణ్ణుల నేర్పఱిపించిరి. ఈ కథ యక్షరాల జరిగినను జరుగకున్నను, తేవారగానము పాణవంశమునుండి వచ్చినదని తరువాతి శైవులు నిస్సంశయముగా నంగీకరించిరనుట కిది ప్రమాణము. తంజావూరి బృహదీశ్వరాలయమున బదికములు పాడుటకు నలువదియెనిమిదిమందిని, వాద్యములు వాయించుట కిద్దఱిని నియమించిన రాజరాజుని శాసనమున వారి పేర్లు, వారి జీతములు ఱాతిపై నున్నవి. వరుసలు నిలిపిన స్త్రీకి వంశము కలదు, ఊరు కలదు. లోకమునకు దెలిసిన పేరు లేదు.

గుడివాకిట నిలిచి పాడినవారి వంశముననే గుడిలోని గానము నిలిచినది. వారి యాళు నశించినది. కాని యోదువారు పణ్ణు నెత్తుకొనినప్పు డెల్ల, యా నశించిన తంత్రుల శ్రుతియే కంఠమున బలుకుచున్నది. ప్రాచీనగ్రంథములను బరిష్కరించువారును, ననువదించువారును, శిల్పములకు వివరణములు వ్రాయువారును వీణ యను మాట వచ్చినచో నా కాలపు వీణ యెట్టిదో విచారించి వ్రాయుట యవసరము. యాళును వీణ యని తెనిగించి యూరకుండుట చాలదు. ఆ యొక్కమాటతో నొక వాద్యమును, దానిని మోసిన యొక జాతిని, ఆ జాతిలోని మతంగచూళామణులను మనము మఱల నొకమాఱు వాకిటనే నిలిపినవార మగుదుము.